నాలుగో మడ్‌గార్డు

భరణి కార్తె, ఆఖరు

పొట్టి జీపు ఈ రోజు నా చేతికిచ్చారు. గాలిమర్ల కొండ మీద మా క్యాంపులో ఉన్న బండ్లన్నిటిలోకీ ఇదే చిన్నది. ముందు ఇద్దరు కూర్చోవచ్చు. వెనక నాలుగు నీళ్ల డ్రమ్ములు పడతాయి, లేదంటే పడుకోబెట్టిన మనిషి ఒకరు.

కొండ దిగితే బూదగుంట దాకా ఇసుకే. హగరి ఏటి ఇసుక గాలికి లేచి ఊళ్ల మీద పడడం నేను కాపురానికి వచ్చేనాటికే మొదలైంది. ఇప్పుడు ఆ ఊళ్ల ఇంటికప్పులు కూడా పైకి కనపడవు. బూదగుంటలో మాత్రం రాతి అడుగున నీళ్లున్నాయి. ఆ నీళ్లను నమ్ముకుని కొన్ని కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. వాళ్లకు మందులు, పంపు ఇంజనుకు డీజిలు పంపేది మా క్యాంపే.

మా డ్రైవరు రుద్రముని దారిలో చనిపోయినప్పటి నుంచి ఈ దారిన ఎవరూ బండి నడపలేదు. చలికాలమంతా గాడిదల మీద పంపారు. ఎండలు ముదిరాక రెండు గాడిదలు దారిలోనే పడిపోయాయి. నిన్న మీటింగులో ఎవరు పోతారని అడిగితే డ్రైవర్లందరూ తలలు దించుకున్నారు. నేను పోతానన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ దారి మా చేని మీదుగా పోతుందని వాళ్లకు గుర్తుండకపోవచ్చు.

సాయంత్రం జీపును కొండ మొదట్లో ఇసుకలోకి దింపి చూశాను. కాస్త దూరం పోయి ఇరుసు దాకా కూరుకుపోయింది. సన్న టైర్లు. మా ఫిట్టరు పెన్నోబులేసు తాడు కట్టి ట్రాక్టరుతో పైకి లాగించాడు.

"ఈ టైర్లతో యాడికి పోతావు హంపక్కా. వెడల్పువి ఎయ్యాల. కోత మిషనువి నా దగ్గర నాలుగుండాయి," అన్నాడు.

"అవి బయటికి పొడుచుకొస్తాయి గదా."

"వస్తాయి. దానికి తగినట్ల మడ్‌గార్డులు గూడా వెడల్పు చెయ్యాల."

ఆ మాట అన్నాక చక్రం పైనున్న రేకు వంపును చేత్తో తడుముతూ చాలాసేపు అలాగే నిలబడ్డాడు. రుద్రముని బండికి ఈ పని చేసింది కూడా అతనే.

కృత్తిక కార్తె, మొదట్లో

వెడల్పు టైర్లు వేశాం. రెండు పక్కలా నాలుగేసి వేళ్ల మేర బయటికి వచ్చాయి. ఇసుక మీద జీపు తేలినట్టు పోయింది. నేను సంతోషపడేలోపే టైర్లు ఎగజిమ్మిన ఇసుక వచ్చి తలుపుల మీద పడింది. జీపు మాట్లాడడం మొదలుపెట్టింది.

"...గనిమ గట్టు తెంచిండారు సూడు..."

"...అమ్మా, సంగటి..."

"...ఎనుము ఈనింది, దూడ నల్ల..."

ఆడ గొంతులు, మగ గొంతులు, ఒకదాని మీద ఒకటి. నా పక్కన కూర్చున్న ఫిట్టరు ఓబులేసు రెండు చెవులూ మూసుకున్నాడు.

అవి చెవి గింజలు. ఆవగింజంత ఉంటాయి. భూమిలో తేమ ఎంత ఉంది, వేరును ఏ పురుగు కొరుకుతోంది అన్నది వినడానికి ఒకప్పుడు విత్తనాలతో కలిపి చల్లాము. అవి వేరును మాత్రమే విని ఊరుకోలేదు. చేలో ఎవరేం మాట్లాడినా విన్నాయి. ఒక్కో గింజలో మూడు నాలుగు మాటలు నిలుస్తాయి. గట్టి రేకుకు తగిలితే ఆ మాటలు పలికేసి చచ్చిపోతాయి. మళ్లీ పలకవు. చేలు పోయి, ఊళ్లు పోయి, మనుషులు కొండెక్కిన తర్వాత కూడా అవి ఇసుకలో కలిసి వింటూనే ఉన్నాయి.

సన్న టైర్లున్నప్పుడు ఇసుక ఇంతగా లేచేది కాదు. ఇప్పుడు టైరు రేకును దాటి బయటికి ఉంది కాబట్టి లేచిన ఇసుకంతా నేరుగా తలుపు మీదికే. తలుపుకు గోనెపట్టలు కట్టి చూశాం. కొంచెం దూరం పోగానే చిరిగి గాలికి కొట్టుకుపోయాయి. టైరు మొత్తాన్నీ కప్పే మడ్‌గార్డులు ఉంటే తప్ప లాభం లేదు.

క్యాంపులో అందరూ చెప్పుకునేది ఒకటే. రుద్రముని బండి ఆపి దిగింది ఈ గొంతుల కోసమేనని. నీలావతిని పెళ్లి చేసుకోకముందు అతనికి ఒక పిల్లతో మాట నడిచింది. మొదటి పెద్ద గాలిలో ఆ పిల్ల ఇల్లు కూలి చనిపోయింది. ఆ గొంతు పిలిస్తే దిగి పోయాడని అంటారు. వెతకడానికి పోయినవాళ్లకు అతను ఇసుకలో కూర్చున్నట్టే దొరికాడు. అప్పటికి బండిని దిబ్బ మింగేసింది, ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు. శవం దొరికిన చోట కర్ర పాతి తెల్లగుడ్డ కట్టి వచ్చారు.

నీలావతి బూదగుంటలోనే ఉండిపోయింది. అప్పటికి రెండో నెల.

కృత్తిక కార్తె, చివర

మడ్‌గార్డులు దేనితో చేయాలన్న దగ్గర చాలా రోజులు పోయాయి.

మొదట నేను బస్సు టాపు రేకు తెచ్చాను. మందంగా ఉంది, వంచడానికి వీలుగా ఉంది, కావలసినంత ఉంది. ఓబులేసు దాన్ని ముట్టుకోలేదు.

"రేకు వద్దు."

"ఏమి? మోగుతాదనా?"

"మోగుతాది. అదొకటే గాదు. అంచు కత్తి మాదిరుంటాది. వద్దంటే వద్దు."

తర్వాత పాత నీళ్లట్యాంకు కోసి దాని గుండ్రటి వంపును చక్రం మీద పెట్టి చూశాం. సరిగ్గా కుదిరింది. నేను ముచ్చటపడ్డాను. అయితే ఎన్నో ఏళ్లు ఎండకు ఎండిన ప్లాస్టిక్కు. డ్రిల్లు పెట్టగానే చెయ్యంత పగులు ఇచ్చింది.

చివరికి కంకర క్రషర్ దగ్గర రాళ్లు మోసిన బెల్టు దొరికింది. వేలి మందం రబ్బరు, లోపల గుడ్డ పొరలు. బరువు ఎక్కువే, కానీ ఇసుక పడితే చప్పుడు లేదు. ఓబులేసు గుప్పెడు ఇసుక తీసి దాని మీదికి విసిరాడు. మళ్లీ విసిరాడు. ఒక్క గింజ కూడా పలకలేదు. అతని ముఖంలో మొదటిసారి కొంచెం నెమ్మది కనిపించింది.

డ్రిల్లుకు కరెంటు రావాలంటే కొండ మీది గాలిమరలు తిరగాలి, మరలు తిరగాలంటే గాలి రావాలి. గాలి వస్తే ఇసుక లేస్తుంది కాబట్టి అలాంటప్పుడు దారిలో ఉండకూడదు. మృగశిర గాలులు పడకముందే పోయి రావాలి, ఆ గాలులు లేకపోతే పని సాగదు. గాలి ఆడిన కాసేపట్లో బెజ్జాలు వేసి, మిగతా పొద్దంతా చేత్తో బెల్టు కోసుకుంటూ కూర్చున్నాం.

ఓబులేసు పని తీరు నాకు వింతగా ఉంది. ఒక మడ్‌గార్డు బిగించడానికి ముందు డ్రమ్ముల నిండా నీళ్లు పోయించి జీపులోకి ఎక్కించాడు. ముందు చక్రం ఒకటి రాయి మీదికి ఎక్కించి, స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పమన్నాడు. ప్రతిసారీ టైరుకీ రబ్బరుకీ మధ్య పిడికిలి దూర్చి చూశాడు. పిడికిలి పట్టినా మళ్లీ తిప్పమన్నాడు.

"సాలు లేప్పా, పడతాంది గదా," అన్నాను.

"ఇంగొకసారి తిప్పక్కా."

నా భుజాలు నొప్పి పెట్టేదాకా తిప్పాను. అతను టైరు వంక చూస్తున్నాడు గానీ అతని కళ్లు అక్కడ లేవు.

రోహిణి కార్తె, మొదట్లో

మూడు మడ్‌గార్డులు అయ్యాయి. వెనకవి రెండు, ముందు ఎడమది. ముందు కుడిది, అంటే డ్రైవరు తలుపుకు ఆనుకున్నది, మిగిలింది. బెల్టు అయిపోయింది.

క్రషర్ దగ్గర ఇంకా బెల్టుంది. పొద్దున పోతే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. ఓబులేసుకు కాలు బెణికింది కాబట్టి నేనే పోవాలి. నిన్న పోలేదు. ఈ రోజూ పోలేదు. రేపు చూద్దామన్నాను.

ఎందుకు పోవడం లేదో నాకు తెలుసు. మా ఆయన వన్నూరప్ప చనిపోయి తొమ్మిదేళ్లయింది. అతను చేలోనే పుట్టి చేలోనే పెరిగిన మనిషి. మా ఇద్దరి బతుకూ ఆ నాలుగు ఎకరాల్లోనే గడిచింది. అతని ఫోటో ఒకటి ఉంది, చొక్కా ఒకటి ఉంది. గొంతు మాత్రం నాకు గుర్తు రావడం మానేసింది. మాటలు గుర్తున్నాయి, గొంతు లేదు. తలుపు మీద కొంచెం ఇసుక పడితే ఏమవుతుంది అనుకుంటున్నాను.

రోహిణి కార్తె, నడిమి

పొద్దున్నే రేడియోలో షరీఫా పిలిచింది. బూదగుంట ఆసుపత్రి గదిని నడిపే నర్సు ఆమె. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఈ రోజు మాటలు తొందరగా వచ్చాయి.

"నీలావతికి బిడ్డ అడ్డం తిరిగింది హంపమ్మా. చేత్తో తిప్పాలని చూసినా, రాలేదు. నొప్పులు వస్తే నా చేతుల్లో ఏం లేదు. కొండమీద డాక్టరమ్మ దగ్గరికి చేర్చాల. బండి ఉండాదా?"

"ఉండాది. రేపు తెల్లారేటప్పటికి బయల్దేరతా."

ఓబులేసు కుంటుకుంటూ వచ్చి జీపు ముందు కుడి చక్రం దగ్గర నిలబడ్డాడు.

"ఇది లేకుండా పోతావా?"

"బెల్టు తెచ్చి, కోసి, బెజ్జాలేసి... గాలి ఏది? మరలు నిలిచిపోయుండాయి."

"మొన్న గాలుండె గదక్కా."

నేను డీజిలు పోయడం మొదలుపెట్టాను. అతను మిగిలిన మూడు మడ్‌గార్డుల బోల్టులన్నీ ఒక్కొక్కటే పానాతో పట్టి చూసి వెళ్లాడు.

రోహిణి కార్తె, మరుసటి రోజు, బూదగుంట

చేరాను.

దారి మొదట్లో తెల్లగుడ్డ దూరంగా కనిపించింది. అక్కడ ఇసుక మెత్తగా ఉందని పక్కకు తిప్పుకుని వచ్చాను. మూడు చక్రాల దగ్గర ఏ చప్పుడూ లేదు. నా పక్క తలుపు మాత్రం పలుకుతూనే ఉంది. ఎవరో పాట ఎత్తుకుని ఆపేశారు. ఎవరో పిల్లను కొట్టారు, పిల్ల ఏడ్చింది. ఒక ముసలాయన "ఉండాను, ఉండాను" అన్నాడు. అద్దం బిగించుకుని, చెమటలు కారుతుంటే స్టీరింగు గట్టిగా పట్టుకుని నడిపాను.

మా చేని జాడ నాకు కొండల వరస బట్టి తెలుస్తుంది. అక్కడికి వచ్చేసరికి వేగం తగ్గించాను. ఆపలేదు. ఆగితే కూరుకుపోతుంది.

"...ఓయ్, ఇనపడతాందా..."

ఆడగొంతు. పడుచు గొంతు. నాదే.

"...ఏం మాట్లాడవేం..."

"...సంగటి సల్లారిపోతాంది రా..."

"...నిన్నే, పలకవా..."

చేను దాటేదాకా నేనే. తిట్టాను, నవ్వాను, కట్టెల గురించీ మా అమ్మ గురించీ చెప్పాను, వాన రాదేమో అన్నాను. ఆ నాలుగు ఎకరాల ఇసుకలో ఒక్క మాటైనా అతనిది లేదు. వన్నూరప్ప మాటలు తక్కువ మనిషి. ఊ కొట్టేవాడు కూడా కాదు, తల ఊపేవాడు. నాకది ఇన్నేళ్లలో ఎలా మరుపొచ్చిందో తెలీదు. తల ఊపడాన్ని ఏ గింజ వింటుంది?

గొంతు గుర్తు రావడం లేదని ఏడ్చాను ఇన్నాళ్లూ. గుర్తు పెట్టుకోవడానికి అతను ఇచ్చిందే కొంచెం.

షరీఫా నీళ్లు తెచ్చి ఇచ్చింది. నా పక్కన కూర్చుంది. నీలావతి లోపల మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంది. సన్నటి మనిషి, కడుపు అడ్డంగా సాగి ఉంది.

"నీ బండి గూడా మాట్లాడ్తాదా అక్కా?" అని అడిగింది.

"ఒక పక్క మాట్లాడ్తాది."

"ఆ మనిషి బండికి నాలుగు పక్కలా మడ్‌గార్డులు బిగిచ్చిండ్రి. అయినా ఎవురో పిలిస్తే దిగినాడంట." గోడ వైపు చూస్తూ అంది. "అంత గట్టిగా పిలిచిందేమో."

రోహిణి కార్తె, ఆ మర్నాడు, కొండ

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తెల్లవారి చల్లగా ఉన్నప్పుడే బయల్దేరాం. వెనక బొంతలు పరిచి నీలావతిని పడుకోబెట్టాము, తల నా సీటు వెనక్కి వచ్చేట్టు. జ్వరంతో ఉన్న వాళ్లను వదిలి షరీఫా రాలేకపోయింది. నొప్పులు మొదలైతే ఏం చేయాలో నాకు రెండుసార్లు చెప్పింది.

సగం దారిలో గాలి లేచింది. మృగశిర ఇంకా రానే లేదు, అయినా లేచింది. వచ్చేటప్పటి చక్రాల జాడ పూర్తిగా చెరిగిపోయింది. నేను చుట్టు తిరిగి వచ్చిన చోట కొత్తగా దిబ్బ పడి ఉంది. పోవడానికి మిగిలింది తెల్లగుడ్డ కర్ర పక్కనుంచే.

కర్ర దగ్గరపడుతుండగా తలుపు పలికింది.

"...థూ, దీనెమ్మ రేకు..."

వెనక నుంచి నీలావతి చెయ్యి వచ్చి నా భుజం పట్టుకుంది. నాకూ ఆ గొంతు తెలుసు, రుద్రమునిది. ఎన్నో ఏళ్లు ఒకే షెడ్డులో బండ్లు కడిగిన వాళ్లం.

"అక్కా, ఆపు."

"ఆపితే బండి లేయదు నీలా. ఇద్దరం ఈన్నే ఉండిపోతాం. ముగ్గురం."

"ఆపు. ఎవురు పిలిచిందో ఇనల్ల నేను. ఇనకుండా పోతే సచ్చేదాకా అదే ఇనపడతాది నాకు."

ఆ గింజలు ఒక్కసారే పలుకుతాయి. మేము దాటిపోతే, ఇంకెప్పుడో ఎవరి బండో ఆ మీదుగా పోతే, ఆ మాటలు ఎవరికో తగిలి చచ్చిపోతాయి. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. నేను ఆపలేదు. స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పి ఆ కర్ర చుట్టూ జీపును తిప్పడం మొదలుపెట్టాను.

టైరు మడ్‌గార్డులను ఎక్కడా తాకలేదు. అంత పూర్తిగా తిప్పినా పిడికిలి సందు అలాగే ఉంది. మడ్‌గార్డు లేని ఆ ఒక్క చక్రం ఇసుకను గంపలతో ఎత్తి పోసినట్టు నా తలుపు మీద పోసింది.

"...ఒరుసుకుంటాంది, ఒరుసుకుంటాంది..."

"...టైరు కోసేసింది గదా..."

"...జాకీ దిగిపోతాంది, పలక యాడ..."

మాటలు వరసగా రాలేదు. ముందువి తర్వాత, తర్వాతవి ముందు. మధ్యలో ఎవరివో పాత మాటలు, కోడి కూత, ఎద్దు గంట. మళ్లీ అతను. గసపెడుతున్నాడు. ఇసుక తోడుతున్న చప్పుడు. రేకు అంచును రాయితో కొడుతున్న చప్పుడు. నీలావతి ఊపిరి బిగపట్టి వింటోంది. నొప్పి వచ్చినట్టుంది, నా భుజం మీద ఆమె గోళ్లు దిగాయి, అయినా నోరు తెరవలేదు.

"...కొండ దీపం కనపడతాంది, నడిస్తే..."

"...ఆలిస్యమైతే నీల కాచుకోనుంటాది..."

"...నీళ్లు ఒక క్యాను సాలు..."

ఇంకా తిప్పాను. డీజిలు ముల్లు కిందికి దిగుతోంది, గాలికి ముందు అద్దంలో ఏమీ కనపడడం లేదు. కర్ర మీద గుడ్డ ఒక్కటే కనబడుతూ పోతూ ఉంది. తలుపు మీద ఇసుక పడుతూనే ఉంది, పడుతున్న చప్పుడు తప్ప ఇక ఏమీ రావడం లేదు. ఏ ఆడమనిషీ పిలవలేదు. ఆ ఇసుకలో రుద్రమునితో మాట్లాడిన వాళ్లు ఒక్కరూ లేరు. అతను ఒక్కడే, ఒక పాడు రేకుతో.

"ఇంగ పోనీ అక్కా," అంది నీలావతి. కాసేపటికి, "నాకు తడిసిపోయింది. నీళ్లు పోతాండాయి," అంది.

ఆ తర్వాత దారి నాకు సరిగా గుర్తు లేదు. కొండ మొదట్లో స్ట్రెచరు పట్టుకుని మనుషులు నిలబడి ఉన్నారు. తలుపు మీద రంగంతా పోయి రేకు తెల్లగా మెరుస్తోంది.

మృగశిర కార్తె, మొదట్లో

ఆడపిల్ల. డాక్టరమ్మ కడుపు కోసి తీసింది. ముందు ఏడవలేదట. ఆ తర్వాత ఆపలేదట. నీలావతి బాగుంది.

ఓబులేసు రోజూ ఏదో వంకతో నా దగ్గరికి వస్తున్నాడు. జీపు ఎట్లా నడిచింది, ఎక్కడైనా ఒరుసుకుందా, బోల్టులు వదులయ్యాయా అని అడుగుతాడు. అసలు అడగాలనుకున్నది అడగడు. నేనూ చెప్పడం లేదు. గాలిలో ఏదో విన్నామని క్యాంపంతటికీ తెలుసు. ఏం విన్నామన్నది నీలావతి సొత్తు. అది చెప్పాల్సింది ఆమె.

ఈ రోజు ఆమె ఓబులేసును పిలిపించింది. నన్ను కూడా ఉండమంది. అతను వాకిలి దగ్గరే ఆగిపోయాడు. చేతిలో గుడ్డ, గ్రీజు తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకుంటున్నాడు.

"లోపలికి రాన్నా," అంది నీలావతి. బిడ్డ ఆమె పక్కన నిద్రపోతోంది.

అతను రెండు అడుగులు వేశాడు.

"ఎవురూ పిలవలేదు ఆ మనిషిని. టైరు రేకుకు ఒరుసుకోని తెగింది. దిగి బాగు చేసుకోవాలని చూసినాడు. జాకీ నిలవలేదు. నడిచి వస్తాననుకున్నాడు."

ఓబులేసు గోడకు ఆనుకున్నాడు. "నాకు అనుమానముండె. ఆ పొద్దు రెండు వేళ్ల సందు పెట్నా. ఖాళీ బండికి సరిపోయింది. డ్రమ్ములు నిండుగా ఎత్తితే ఎంత దిగుతాదో సూడలేదు. ఆడమనిషి పిలిచిందని జనం అంటాంటే... కాదని నేను అనలేకపోతి. అట్ల అయితే బాగుండు అనుకున్యా."

"ఆ మాట నేను ఏడు నెలలు మోసినా."

"తెలుసు."

"రేకును తిట్టినాడన్నా. నిన్ను ఒక్క మాట గూడా అనలేదు. ఆఖరుకు గూడా అనలేదు." నీలావతి బిడ్డ మీద గుడ్డ సర్దింది. "నేను ఆ మాదిరి మనిషిని కాదు. నేను అంటా. ఎప్పుడు ఏడుపొస్తే అప్పుడు అంటా. పడాల నువ్వు."

"పడతా," అన్నాడు ఓబులేసు.

బిడ్డ లేచి ఏడ్చింది. అతను వాకిలి దాటి పోబోతూ ఆగి బిడ్డ వంక చూశాడు. దగ్గరికి రమ్మని నీలావతి అనలేదు, పొమ్మని కూడా అనలేదు. అక్కడే కొంచెంసేపు నిలబడి వెళ్లాడు.

సాయంత్రం నీళ్ల కుళాయి దగ్గర ఆడవాళ్లందరూ ఉండగా నీలావతికి తల్లి వరస అయ్యే ఒకామె జరిగిందంతా గట్టిగా చెప్పింది. ఆడగొంతు మాట ఆ తర్వాత కుళాయి దగ్గర ఎవరూ ఎత్తలేదు.

మృగశిర కార్తె, చివర

గాలులకు మరలు రాత్రింబగళ్లు తిరుగుతున్నాయి. కరెంటుకు లోటు లేదు, పోవడానికి దారి లేదు.

పొద్దున షెడ్డుకు పోతే ఓబులేసు అప్పటికే అక్కడున్నాడు. కాలు ఇంకా పూర్తిగా కుదుట పడలేదు, అయినా క్రషర్ దాకా పోయి బెల్టు ముక్క భుజాన వేసుకొచ్చాడు. కొలిచి, సున్నంతో గీత గీసి ఉంచాడు. కోయలేదు.

"ఎయ్యమంటావా హంపక్కా?"

నేను కావాలనే వదిలానని అతనికి మొదటి నుంచీ తెలుసు. అడగకుండా వేసేసి ఉండవచ్చు. వేయకుండా ఊరుకుని ఉండవచ్చు కూడా. మడ్‌గార్డు లేని చక్రం వల్లనే కదా నీలావతికి ఆ మాటలు దక్కాయి. ఆ సంగతి తెలిసి ఇద్దరు డ్రైవర్లు నిన్న నా దగ్గరికి వచ్చారు. తమ వాళ్ల చేలు ఎక్కడున్నాయో చెప్పి, ఆ పక్కగా ఒకసారి తిప్పుతావా అని అడిగారు. ఒకతను తల్లి గొంతు కోసం, ఒకతను తమ్ముడి కోసం. ఏమీ దొరక్కపోతే ఏం చేస్తారని అడిగితే ఇద్దరూ చేని గుర్తులే మళ్లీ చెప్పారు. రెండు రాత్రులు నిద్ర రాలేదు. కళ్లు మూస్తే నా పడుచు గొంతే, పలకవా పలకవా అని.

"ఎయ్యి," అన్నాను.

ఇద్దరం కలిసి బిగించాం. నిండు డ్రమ్ములు ఎక్కించి, చక్రాన్ని రాయి మీదికి ఎక్కించి స్టీరింగు తిప్పాను. ఈసారి పిడికిలి పెట్టి చూడమని నన్ను పిలిచాడు. నేను పెట్టి చూశాను. పట్టింది. తన పనిని ఇంకొకరు చూడకుండా ఇక ఏ బండినీ బయటికి పంపనన్నాడు.

ఆరుద్ర కార్తె

గాలి కాస్త తగ్గిందని మందులతో బయల్దేరాను. నాలుగు చక్రాలూ కప్పి ఉన్నాయి. జీపులో ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం తేలిగ్గా ఏమీ లేదు. ఇంత దూరం ఇసుక కింద ఇంత మంది ఉన్నారని తెలిసి, వాళ్లెవరూ మాట్లాడకుండా నన్ను పోనిస్తున్నట్టు ఉంది.

తెల్లగుడ్డ సగం చిరిగిపోయింది. దాని పక్కగా పోతూ అద్దం దించాను. వేడి గాలి ముఖాన కొట్టింది.

"ఆడపిల్ల," అన్నాను బయటికి. "కొంచెం బరువు తక్కువ. గొంతు మాత్రం పెద్దది. నీల బాగుండాది రుద్రమునీ."

ఇసుక వింటుందని తెలుసు. ఎప్పుడో ఏ రేకుకో తగిలి అది పలికితే, అప్పుడు వినేవాడు ఎవడో ఆ పేర్లు ఎవరివా అని ఆలోచిస్తాడు. అద్దం ఎత్తేశాను.

పొద్దు నడినెత్తికి వచ్చేవేళకు మా చేను చేరాను. మళ్లీ అద్దం దించాను. చెప్పడానికి చాలా ఉంది, తొమ్మిదేళ్ల సంగతులున్నాయి. నోరు తెరిచాను కూడా. అంతలో ఆ నాలుగు ఎకరాల్లో ఇప్పటికే నా మాటలు ఎన్నున్నాయో గుర్తొచ్చింది. అవన్నీ ఒక్కటీ వదలకుండా విన్న మనిషి, ఒక్కసారి కూడా చాలనలేదు.

నోరు మూసుకున్నాను. ఎండ చేతి మీద పడుతుంటే, వేగం తగ్గించి, ఏమీ మాట్లాడకుండా, గనిమ ఉండే చోటు దాకా, ఆ తర్వాత బావి ఉండే చోటు దాకా నడిపాను. మా చేను దాటేటప్పుడు తల ఊపాను.